ఎల్లమ్మ పుట్టిల్లు ఏది?

వాడ చరిత్ర – 17



ఆషాఢం దగ్గరపడిందంటే మా కర్మన్‌ఘాట్‌లో పెయింటర్లకు చేతినిండా పని. బస్తీ గుళ్లకు సున్నం వేస్తారు, గోడల మీది పాత బొమ్మలకు కొత్త రంగులెక్కిస్తారు. పోచమ్మ, మైసమ్మ, పోతరాజు, ఎల్లమ్మ. ఎల్లమ్మ గుడి అయితే గోడ మీద ఆమె కథ కూడా వేస్తారు. ఏటి ఒడ్డున కుండతో రేణుక. కోపంతో జమదగ్ని. గొడ్డలెత్తిన పరశురాముడు. చివరి బొమ్మలో పసుపు ముఖం, పెద్ద కళ్లు, తల మీద నాగపడగతో అమ్మవారు. గొడ్డలి బొమ్మకూ అమ్మవారి బొమ్మకూ మధ్య ఇంకో బొమ్మ ఉండాలి. అది ఉండదు. ఈ వారం ఆ లేని బొమ్మ గురించి చెప్పుకుందాం.

కర్మన్‌ఘాట్ అనగానే ఊరందరికీ గుర్తొచ్చేది హనుమాన్ గుడి. కాకతీయ ప్రోలరాజు వేటకొచ్చి ఆ గుడి కట్టించాడని, తర్వాత ఔరంగజేబు పడగొట్టబోతే ‘కర్ మన్ ఘట్’ అన్న మాట వినబడిందని, ఊరి పేరు అట్లా పుట్టిందని స్థలపురాణం. చరిత్ర దాన్ని ఒప్పుకుంటుందా అన్నది వేరే చర్చ. ఆ కథలో ఒక రాజున్నాడు, ఒక చక్రవర్తి ఉన్నాడు. అందుకే ఎవరినడిగినా మొదటి నుంచి చివరి దాకా చెబుతారు. అదే మనిషిని ఎల్లమ్మ గుడి దగ్గర నిలబెట్టి, గొడ్డలి దెబ్బ పడ్డాక ఏమైందని అడగండి. ‘బతికింది, దేవతయింది’ అని ఊరుకుంటారు. ఎట్లా బతికింది? ఎవరి ఒంటితో బతికింది?

ముందు పుస్తకంలోని కథ చూద్దాం. మహాభారతం అరణ్యపర్వంలో రేణుక ప్రసేనజిత్తు అనే రాజు కూతురు. జమదగ్ని మహర్షి భార్య. ఐదుగురు కొడుకులు. ఏటికి పోయి జలక్రీడలాడుతున్న ఒక రాజును చూసి మనసు చెదిరిందని భర్తకు కోపం. తల్లిని చంపమంటే నలుగురు కొడుకులు కదల్లేదు, పరశురాముడు గొడ్డలెత్తాడు. మెచ్చిన తండ్రి వరం కోరుకోమంటే తల్లిని బతికించమన్నాడు, ఆమె లేచింది. అంతే. కథంతా తండ్రి ఆజ్ఞ, కొడుకు విధేయత. గొడ్డలి కింద పడ్డ తల్లి ఒక్క మాట మాట్లాడదు.

ఇప్పుడు మన దగ్గరున్న కథ. ఇది జమిడిక మీద బైండ్లోళ్లు చెప్పే కథ, వాడలో ముసలమ్మలు చెప్పే కథ. ఊరికో తీరు, చెప్పేవాళ్లను బట్టి మారుతుంది. నడుము మాత్రం ఒక్కటే. గొడ్డలి చూసి ఆమె పరుగెత్తింది. ఊరంతా తలుపులేసుకుంది. చివరికి మాదిగ వాడకొచ్చి పడింది. కొన్ని చోట్ల ఆమెను తోళ్లు నానబెట్టే లందలో దాచారంటారు. కొన్ని చోట్ల మాతంగి అనే మాదిగ స్త్రీ తన గుడిసెలోకి తీసుకుని, అడ్డం నిలబడిందంటారు. కొడుకు గొడ్డలి ఇద్దరి మీదా పడింది. రెండు తలలు, రెండు మొండేలు. బతికించే వేళ తొందరలోనో చీకట్లోనో తలలు మారిపోయాయి. రేణుక తల మాదిగ ఒంటికి అతుక్కుంది.

మా అమ్మ ఈ కథ చెప్పేటప్పుడు యుద్ధం లేదు, శాపం లేదు. ఒకే చోట ఆగేది: ‘లోపలికి రా బిడ్డా అన్నది.’ ఇందులో నాకు చరిత్ర కనిపించేది ఆ మాట దగ్గరే. రేణుక రాజు కూతురు కదా, ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆడబిడ్డ పుట్టింటికి పరుగెత్తాలి. ఈ కథలో ఆమె తండ్రి కోట వైపు పోలేదు. ఏ ఇంట్లో ‘బిడ్డా’ అని పిలిచారో అది ఆమె పుట్టిల్లు అయింది. కన్నది వేరే తల్లి, కాపాడినది వాడలోని తల్లి. గోడ మీద కనిపించని బొమ్మ ఇదే. గుడిసె గడపలో ఒక మాదిగ తల్లి, ఆమె వెనక దాక్కున్న కూతురు.

పరాయి దేశస్థుల చేతిలో ఈ కథ ఏమైందో చూస్తే మన కథ విలువ తెలుస్తుంది. ఫ్రెంచి యాత్రికుడు పియర్ సొన్నెరా దక్షిణ భారతంలో తిరిగి, 1782లో తన యాత్రా గ్రంథం అచ్చేశాడు. అందులో ఈ తలల కథ రాసుకున్నాడు. అది చదివిన జర్మన్ మహాకవి గేటే 1824లో ‘పారియా’ అనే పేరుతో మూడు భాగాల కవిత ప్రచురించాడు. ఈ ఇద్దరి కథల్లోనూ రెండో స్త్రీ ఉంది. అయితే ఎట్లా ఉంది? నేరం చేసి మరణశిక్ష పడ్డ అంటరాని స్త్రీగా. కొడుకు తన తల్లి తలను అందుబాటులో ఉన్న ఆ శవానికి అతికిస్తాడు. వాడ చెప్పే కథలో ఆమె ఆశ్రయమిచ్చి ప్రాణమిచ్చిన మనిషి. అచ్చులో ఆమె నేరస్థురాలు. సొన్నెరాకు కథ చెప్పినవాళ్లు వాడ మనుషులు కారని నా అనుమానం. ప్రాణమిచ్చిన మనిషిని నేరస్థురాలిగా మార్చడం ఆమె సొంత మనుషులు చేసే పని కాదు.

ఇక్కడ విద్యార్థులు ఒక ప్రశ్న వేసుకోవాలి. తల ఒకరిది, ఒళ్లు ఇంకొకరిది అయినప్పుడు ఆ మనిషి ఎవరు? చిన్నప్పుడు చందమామ చదివినవాళ్లకు భేతాళ కథలు తెలుసు. వాటి మూలమైన వేతాళ పంచవింశతిలో అచ్చం ఇదే చిక్కు ఉంది. ఒకామె భర్త తల, ఇంకొకడి ఒళ్లు కలిసిపోతాయి. ఆమెకు మొగుడెవరని భేతాళుడు అడిగితే, అవయవాల్లో తలే ప్రధానం కాబట్టి తల ఉన్నవాడే భర్త అని విక్రమార్కుడి తీర్పు. ఆ జవాబు మనకు ఎంత సహజంగా అనిపిస్తుందో గమనించండి. పురుషసూక్తం చెప్పింది కూడా ఒక ఒంటి బొమ్మే కదా. ముఖం నుంచి బ్రాహ్మణుడు, చేతుల నుంచి క్షత్రియుడు, తొడల నుంచి వైశ్యుడు, పాదాల నుంచి శూద్రుడు. బాబాసాహెబ్ 1946లో ‘శూద్రులెవరు?’ పుస్తకం రాసినప్పుడు తన విచారణను ఈ సూక్తం దగ్గరే మొదలుపెట్టాడు. నాలుగు వర్ణాల ఆ ఒంట్లో మనకు పాదాల్లో కూడా చోటు లేదు. ఎల్లమ్మ కథలో మాత్రం మెడ కింద నుంచి కాలి గోటి దాకా మనమే. ఆ సూక్తానికి వాడ ఇచ్చిన జవాబుగా నేను ఈ కథను చదువుతాను.

తలే ప్రధానమన్న తీర్పు గుళ్లో కూడా అమలైంది. తెలంగాణలో చాలాచోట్ల ఎల్లమ్మ అంటే నేల మీద నిలిపిన తల మాత్రమే. ఒళ్లు కనిపించదు, భూమిలో ఉందంటారు. గుడి పెద్దదైనకొద్దీ పేరు ‘రేణుకా ఎల్లమ్మ’ అవుతుంది, తర్వాత ‘రేణుకా మాత’ అవుతుంది. పూజారి మారతాడు, మంత్రం మారుతుంది. కథలో జమదగ్ని, పరశురాముడు మిగులుతారు. మాతంగి మాయమవుతుంది. గోడ మీద బొమ్మలు వేసే పెయింటరుకు ఎవరి మీదా కోపం లేదు. కమిటీ వాళ్లు ఫోన్‌లో పంపిన క్యాలెండర్ బొమ్మ చూసి వేస్తాడు. ఆ క్యాలెండర్‌లోనే ఆమె లేదు.

మరి వాడ కథలు బొమ్మలుగా ఎక్కడా లేవా? ఉన్నాయి. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల నకాషీ పటాల గురించి మీరు వినే ఉంటారు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించి నూరిన చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి పూతలు పూస్తారు. ఆరిన గుడ్డ మీద ఎర్రటి నేపథ్యంలో, అడ్డ వరుసల్లో కథంతా గీస్తారు. మూరల కొద్దీ పొడవైన చుట్ట అది. ఒక్కో వరుసా విప్పుతూ, చూపుతూ రాత్రంతా కథ చెబుతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులోళ్లు చెబుతారు. చాకలివాళ్లకు మడేలు పురాణం, గౌడులకు గౌడ పురాణం ఉన్నాయి. శ్రమ కులాల ప్రతి వాకిటికీ ఒక పటం, దాన్ని చెప్పే ఒక ఆశ్రిత కులం.

మాదిగలకు జాంబ పురాణం. చెప్పేవాళ్లు డక్కలోళ్లు. భూమి కంటే ముందు పుట్టిన జాంబవముని మన మూలపురుషుడని, బ్రాహ్మణుడితో వాదించి నిలిచాడని ఆ పురాణం చెబుతుంది. చాతుర్వర్ణ్యం మనకు ఇవ్వని పుట్టుకను మనవాళ్లు గుడ్డ మీద గీయించుకున్నారన్నమాట. కల్పనే. కానీ ఎవరి కల్పన, ఎవరి అవసరం కోసం అన్నది చరిత్ర విద్యార్థి అడగాల్సిన ప్రశ్న. పాదాల నుంచి మనుషులు పుట్టారనేది కూడా కల్పనే. దానికి వేదమని పేరు, దీనికి అడుక్కునేవాళ్ల కథ అని పేరు.

ఇక్కడ మన ఇంటి సంగతి కూడా మాట్లాడుకోవాలి. డక్కలోళ్లు మాదిగల దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా చేయి చాపరు. అట్లాంటివాళ్లను మాదిగ వాడ కూడా అంటరానివాళ్లుగానే చూసింది, వాడ బయటే దింపింది. మనకు పుట్టుక చెప్పినవాళ్లకు మనం గడప లోపల చోటివ్వలేదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు తెలంగాణకు డక్కలి అన్న పేరు ఒకసారి వినబడింది. పటం చెప్పేవాళ్లకు అట్లాంటి రోజు రాలేదు. పైగా పటం పాతబడి చిరిగితే దాచిపెట్టరు, మనిషికి చేసినట్టు కర్మ చేసి నీళ్లలో కలుపుతారు. అందుకే వందల ఏళ్ల పటాలు మనకు దొరకడం అరుదు. ఇవ్వాళ చేర్యాలలో నకాషీ కళాకారులు మాస్కులు, గోడ అలంకరణలు చేసి బతుకుతున్నారు. కళ బతికినందుకు సంతోషమే. కానీ కథ చెప్పేవాడు విప్పాల్సిన పటం డ్రాయింగ్ రూము ఫ్రేములోకి పోయిందంటే, ఆ ఫ్రేములో పట్టేంత ముక్కే మిగిలిందన్నమాట. ఏ ముక్క మిగులుతుందో కొనేవాళ్లు నిర్ణయిస్తారు.

తల లేని తల్లి బొమ్మ ఈ నేలకు కొత్త కాదు. కృష్ణా లోయలో, ఆలంపురంలో, నాగార్జునకొండలో తల లేకుండా, ప్రసవించే భంగిమలో ఉన్న స్త్రీ శిల్పాలు దొరికాయి. పండితులు లజ్జాగౌరి అని పేరు పెట్టారు. నాగార్జునకొండలోని శిల్పాన్ని ఇక్ష్వాకుల రాణి ఖండువుల మహాదేవి చేయించినట్టు దాని మీదే శాసనం ఉంది. బిడ్డలు కావాలనుకునే ఆడవాళ్లు మొక్కిన బొమ్మలివి. సిగ్గు అనే పేరు ఆ తల్లికి తర్వాత పెట్టారు, ఆమె ఒంట్లో సిగ్గుపడ్డ జాడే లేదు. మరాఠీ పండితుడు రా.చిం. ఢేరే లజ్జాగౌరి మీద రాసిన పుస్తకంలో రేణుక, ఎల్లమ్మ, మాతంగి, భూమి, పుట్ట అన్నీ ఒకే తల్లి చుట్టూ అల్లుకున్నాయని చర్చించాడు. ఆ వాదనంతా ఒప్పుకోనక్కర్లేదు. కనేది, మోసేది, దున్నేది ఒళ్లే అన్న ఎరుక మాత్రం ఈ నేల మీద రాతిలో చెక్కి ఉంది.

ఆ ఒళ్లు ఒక రోజైనా మాట్లాడిన సందర్భాలున్నాయి. ఒంగోలు బాప్టిస్టు మిషన్‌కు చెందిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అనే పుస్తకం రాసింది. మాదిగల జీవితం మీద తొలి రచనల్లో అది ఒకటి. అందులో మాతంగి గురించి వివరంగా ఉంది. 1909లో థర్‌స్టన్ కూడా రాశాడు. మాదిగల నుంచి ఎన్నుకున్న స్త్రీ, జాతర రోజు దేవత పూని వీధుల్లోకి వస్తుంది. అగ్రవర్ణాల మీద ఉమ్ముతుంది, తాకుతుంది, వాళ్ల గర్వాన్ని తిడుతుంది. మిగతా రోజుల్లో నీడ పడితే మైల అనేవాళ్లు ఆ రోజు ఆ ఉమ్మిని పవిత్రమని తీసుకుంటారు. మన సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు రంగంలో పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే స్త్రీని ఇప్పటికీ మాతంగి అనే అంటారు. మంత్రులు, అధికారులు చేతులు కట్టుకుని వింటారు.

మరి మిగతా 364 రోజులు? ఈ కథలో నిజంగా నెత్తురు కారే చోటు ఇదే. ఏ తల్లి తన గుడిసెలో ఎల్లమ్మను దాచిందో, ఆ వాడ కూతుళ్లనే ఎల్లమ్మ పేరు మీద జోగినులను చేశారు. పాలమూరులో, ఇందూరులో జోగిని, రాయలసీమలో బసివి, చిత్తూరు వైపు మాతమ్మ. పేర్లు వేరు, ఆ పిల్లలు మాత్రం దాదాపు అందరూ మాల మాదిగ వాడల పిల్లలు. దేవుడికి పెళ్లి, ఊరికి ఒళ్లు.

‘తల్లే కదా బిడ్డను ఇచ్చింది’ అని చాలామంది అంటారు. ఈ మాటను కూడా ఒక బొమ్మలాగా చూడండి. అందులో తల్లి ఉంది, కూతురు ఉంది, అమ్మవారుంది. ఆ తల్లి వెనక నిలబడ్డ దొర లేడు, పటేలు లేడు, జబ్బు చేసిన బిడ్డకు మందు లేక మొక్కుకున్న పేదరికం లేదు. కొడుకుల్లేని ఇంట్లో ముసలితనంలో కూడు పెట్టే దిక్కుగా కూతుర్ని ఇంట్లోనే ఉంచుకోవాలన్న భయం లేదు. భూమి దొరది, పెత్తనం ఊరిది, మొక్కు మాత్రం వాడది. గోడ బొమ్మలో కాపాడిన తల్లిని తీసేశారు. ఈ బొమ్మలో దోచిన చేతిని తీసేశారు.

అయితే ఈ బొమ్మను చింపినవాళ్లు కూడా వాడ నుంచే వచ్చారు. 1906లో జగన్‌మిత్ర మండలి స్థాపించిన భాగ్యరెడ్డి వర్మ, ఆయన తరంలోనే అరిగె రామస్వామి హైదరాబాద్ రాజ్యంలో జోగిని, మురళి ఆచారాల మీద ప్రచారం చేశారు. ఆ నాటి దళిత ఉద్యమం అంతర్గత పట్టింపులు కూడా తెలియాలంటే పి.ఆర్. వెంకటస్వామి 1955లో రాసిన చరిత్ర చదవండి. మద్రాసు రాష్ట్రంలో 1947లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. అది నిజాం రాజ్యానికి వర్తించలేదు. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ దేవదాసీల అంకిత నిషేధ చట్టం 1988లో వచ్చింది. ఇందూరు పల్లెల్లో హేమలతా లవణం, లవణం గార్లు పనిచేశారు. పాలమూరులో జోగినులే సంఘం కట్టి నిలబడ్డారు. మెడలో దండ పడకముందే చిన్నపిల్లలను లేపుకొచ్చి బడిలో వేసినవాళ్లలో ఒకప్పటి జోగినులున్నారు. ‘లోపలికి రా బిడ్డా’ అన్న పాత మాటను నిజం చేసింది వాళ్లే.

చట్టం వచ్చినా మిగిలిపోయిన చిక్కు ఒకటుంది. బడి ఫారంలో ‘తండ్రి పేరు’ అన్న గడి. జోగిని బిడ్డ ఆ గడి దగ్గర ఆగిపోతుంది. ఇదీ తలా ఒళ్లూ పేచీయే. కని పెంచిన ఒళ్లు చాలదు, పైన ఒక పేరు కావాలి. సుప్రీంకోర్టు 1999లో గీతా హరిహరన్ కేసులో తల్లి కూడా సహజ సంరక్షకురాలేనంది. 2015లో పెళ్లికాని తల్లి బిడ్డకు సంరక్షకురాలు కావడానికి తండ్రి పేరు చెప్పనక్కర్లేదంది. కులం సంగతికొస్తే, వేర్వేరు కులాల తల్లిదండ్రుల బిడ్డ తల్లి కులంలోనే పెరిగి, ఆ కులం పడే బాధలు పడితే తల్లి కులం పొందవచ్చని 2012లో రమేశ్‌భాయ్ నాయకా కేసులో చెప్పింది. ఈ మూడు తీర్పులూ మీ ఫోన్లలో దాచుకోండి. ఆఫీసు కిటికీ దగ్గర ‘తండ్రి లేకుండా సర్టిఫికెట్ రాదు’ అన్నప్పుడు పనికొస్తాయి.

ఇంకో విషయం. మాతంగి అనే పేరు గుడి గోడ మీద లేకపోవచ్చు గానీ, ప్రభుత్వ ఎస్సీ కులాల జాబితాలో ఉంది. 2025 వర్గీకరణ చట్టంలో అత్యంత వెనకబడిన 15 కులాలతో ఒక్క శాతం ఇచ్చిన మొదటి గ్రూపులో మాతంగి ఉంది, డక్కల్ కూడా ఉంది. దేవతకు ఒళ్లిచ్చిన పేరు, మనకు పటం విప్పిన పేరు రెండూ అట్టడుగున పక్కపక్కనే ఉన్నాయి. పురాణం ఎవరి పక్షమో తేల్చుకోలేనప్పుడు జాబితా చూడండి.

చివరగా బోనాల గురించి. ఆషాఢంలో అమ్మవారు పుట్టింటికి వస్తుందని నమ్మకం. అందుకే తల్లీ అని మొక్కుతూనే ఆడబిడ్డకు చేసినట్టు చీర పెడతాం, గాజులు పెడతాం, ఒడిబియ్యం పోస్తాం. ఒకే మనిషి తల్లి, ఒకే మనిషి కూతురు. బోనమెత్తే ప్రతి ఆడమనిషికీ ఇది తెలుసు. అయితే ఆమె ఏ ఇంటికి వస్తుందో కథ స్పష్టంగా చెప్పింది. గొడ్డలి తరిమిన రోజు ఏ తలుపు తెరుచుకుందో ఆ ఇంటికి.

అందుకే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట. చరిత్ర, ఫైన్ ఆర్ట్స్ చదివేవాళ్లు ఈ ఆషాఢంలో మీ ఊరికి పోండి. మీ నానమ్మనో అమ్మమ్మనో కూర్చోబెట్టి ఎల్లమ్మ కథ చెప్పించుకోండి. ఆమె ఎవరింట్లో దాక్కుంది, ఆ ఇంటామె పేరేమిటి, రెండో తల ఏమైంది అని అడగండి. ఊరికో జవాబు వస్తుంది, అన్నీ రాసుకోండి. బైండ్లోళ్లు, డక్కలోళ్లు కనబడితే ముందు ఇంట్లోకి పిలిచి నీళ్లివ్వండి, తర్వాత రికార్డు చేసుకోండి. మీ బస్తీ గుడికి రంగులు వేస్తుంటే కమిటీతో మాట్లాడండి. గొడ్డలి బొమ్మ పక్కన ఒక గుడిసె, ఒక గడప, అడ్డంగా చేతులు చాపిన తల్లి, ఆమె వెనక బిడ్డ. పెయింటరుకు ఒక్క పూట పని. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో చెప్పమనండి. ఆ జవాబు కూడా చరిత్రే, అది కూడా రాసుకోండి.

వచ్చే వారం జమిడిక గురించి.

జై భీమ్.